తాత కోవికి తీరని రిపేరు

ఆ రోజుల్లో హాస్టల్లో ఉండే ఆడపిల్లకు ఇంటి నుంచి ఫోను వచ్చిందంటే, పక్కనున్నవాళ్ళు ముందు అడిగేది "ఎవరు మాట్లాడారు" అని కాదు, "ఏం తెస్తున్నారంట" అని. (ఇప్పటి పిల్లలు సెల్లు నొక్కి గేటు దగ్గరికే తిండి తెప్పించుకుంటారు, వాళ్ళకు ఈ బాధ చెప్పినా అర్థం కాదు.) నాది కుప్పం పక్కన పల్లె. మదనపల్లెలో డిగ్రీ సీటు వచ్చిందని ఊరంతా చెప్పుకొని తిరిగిన మా నాయన, నన్ను హాస్టల్లో దింపి రాగానే ఇంట్లో అందరికీ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. సెలవులకు నేను రావడమే గానీ, ఎవరూ పోయి నన్ను చూడకూడదు, చూస్తే నేను వెంటబడి వచ్చేస్తానట. ఆయన అనుమానం నూటికి నూరుపాళ్ళు నిజం. నీళ్ళచారులో కన్నీళ్ళు కలుపుకొని తినే రోజులవి. చివరికి నా గదిలోనే ఉండే 'కోస్తా' (గుంటూరు వైపు పిల్ల, హాస్టలంతా ఆ పేరుతోనే పిలిచేది) సెల్లు అడుక్కొని తాతకు ఫోను చేశాను. "నేను చదవను తాతా, వచ్చి నన్ను తోడుకొని పో" అని భోరున ఏడ్చాను. తాత మాత్రం "సరే పాపా, అన్నం తిను" అని పెట్టేశాడు.

వారం తిరక్కుండా తాతే ఆ సెల్లుకు ఫోను చేశాడు. నేను క్లాసులో ఉన్నాను. గదికి రాగానే కోస్తా ఎగురుతూ ఎదురొచ్చి, "మీ తాతగారు రేపు కోవా తీసుకుని మదనపల్లె వస్తున్నారంట, పనిలో పనిగా నిన్ను కూడా చూసి వెళ్తారంట" అంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి తాత మిఠాయి కొన్న పాపాన పోలేదు. ఆయన చేతి సంచిలో ఉంటే చెనక్కాయలుండాలి, లేకుంటే బెల్లం ముక్క ఉండాలి. కానీ హాస్టలు తిండి పొట్టనే కాదు, చెవులను కూడా పాడు చేస్తుంది. కోవా అనగానే నోట్లో నీళ్ళూరాయి, బుర్ర పనిచేయడం మానేసింది. సాయంత్రానికి ఆ వార్త వంటగది మీదుగా మా వార్డెనమ్మ దాకా పాకింది. గేటుకూ గదులకూ సరే, పచ్చడి జాడీలుండే బీరువాకు కూడా తాళం వేసే మనిషి కాబట్టి ఆమెను బీగం మేడం అనేవాళ్ళం. "ఏమ్మా, మీ తాత కోవా తెస్తాండాడంటనే" అని ఆమె నన్ను నవ్వుతూ పలకరించడం అదే మొదటిసారి.

మరుసటి రోజు క్లాసులయ్యాక నేను టిఫిను బాక్సు కడిగి పట్టుకొని, వెనక ఒక మంద ఆడపిల్లలతో గేటు దగ్గర కాపు కాశాను. తాత వచ్చాడు. భుజాన దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట ఉంది. అంత పొడుగు కోవా ఏం కోవా అని మేమింకా ఆలోచిస్తుండగానే, ఆయన మూట దించడం, దుప్పటి జారడం, నల్లటి ఇనుప గొట్టం బయటపడడం అన్నీ అయిపోయాయి.

"ఏందప్పా అది?" అన్నాడు వాచ్‌మన్. (ఈయన పేరు మాకెవరికీ తెలియదు. ఎప్పుడూ నోట్లో విజిలు ఉంటుంది కాబట్టి విజిలప్ప.)

"కోవి."

అప్పుడు గానీ నా తలకెక్కలేదు. కన్నడం కలిసిన మా పల్లెల్లో తుపాకిని కోవి అంటారు. అడవి పందులు చేలో పడి చెనక్కాయలను పెకలించకుండా బెదిరించడానికి తాత సర్కారు లైసెన్సు తీసుకొని పెట్టుకున్న కోవి అది. పుట్టినప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగిన నేను, ఒక్క దీర్ఘానికి ఆశపడి టిఫిను బాక్సు కడుక్కొని నిలబడ్డాను.

విజిలప్ప విజిలు ఊదడం కూడా మరిచిపోయి, "పోలీసులను పిలుస్తా" అన్నాడు. తాత తాపీగా జేబులోంచి లైసెన్సు తీసి చూపించాడు. "పిలువప్పా, వాళ్ళకీ తెలుసు. దీని గుర్రం, అదే మీట నొక్కితే టప్పున పడే ఇనుప ముక్క, సరిగా పడ్లేదని ఈడ సాయిబు దగ్గర బాగు చేయించుకొని వస్తాండా. పుంగనూరులో బస్సు మారితే, ఆ కండక్టరు బోరు పైపనుకొని దీనికి లగేజీ టికెట్టు కొట్టినాడు. పిల్లను ఒకసారి సూసి పోతా, అంతే."

ఇంతలో బీగం మేడం వచ్చింది. కోవా బదులు కోవిని చూసి ఆమె ముఖం ఎంత వాడిపోయిందో చెప్పలేను. అక్కడి నుంచి మొదలైంది అసలు చిక్కు. నేను గేటు దాటాలంటే పెద్దవాళ్ళు లోపలికి వచ్చి ఆఫీసులో సంతకం పెట్టాలి. తాత లోపలికి రావాలంటే కోవిని బయట పెట్టాలి. బయట పెడదామంటే తాత ఒప్పుకోడు.

"దీన్ని ఇంకొకరి చేతికి ఇయ్యకూడదని లైసెన్సిచ్చిన సారు చెప్పినాడమ్మా. నీ చేతికి కూడా ఇయ్యను."

"నాకెందుకు స్వామీ అది," అని మేడం రెండడుగులు వెనక్కి వేసింది. "పేలుతుందా?"

"మందు లేదు, తూటా లేదు. ఇప్పుడిది ఒట్టి కట్టె మేడమ్."

"కట్టె అయినా సరే, లోపలికి రాకూడదు. పిల్ల బయటికి పోకూడదు."

కుప్పానికి ఆఖరి బస్సు టైమవుతోంది. గేటు కమ్మీల అవతల తాత, ఇవతల నేను. అంత దూరం వచ్చిన మనిషి నా తల మీద చెయ్యి కూడా పెట్టకుండా పోతాడేమోనని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. టిఫిను బాక్సు పట్టుకొనే ఏడ్చాను. బీగం మేడం నన్నూ, తాతనూ, కోవినీ కాసేపు చూసింది. తర్వాత ఏమనుకుందో, విజిలప్పతో రెండు కుర్చీలు తెప్పించింది. గేటు తెరిపించి, అది జరిగే ఇనుప పట్టాకు అటొకటి, ఇటొకటి వేయించింది. "ఇప్పుడు పిల్లా గేటు దాటలేదు, తుపాకీ గేటు దాటలేదు. మాట్లాడుకోండి," అని అటు తిరిగి నిలబడింది. ఆమె మీద నేనప్పటిదాకా పెంచుకున్న కోపమంతా ఆ పట్టా దగ్గరే పోయింది.

తాత ఒక చెయ్యి ఒళ్ళో ఉన్న కోవి మీద వేసి, రెండో చేత్తో నా తల నిమిరాడు. సంచిలోంచి ఉడకబెట్టిన చెనక్కాయలు తీసి బాక్సులో పోశాడు. "నన్ను తోడుకొని పో తాతా" అన్నాను. కాదంటాడని, చదువు గొప్పతనం చెప్తాడని అనుకున్నాను. ఆయన ఒళ్ళో కోవిని సర్దుకొని, "పోదాం పాపా, దానికేముండాది. కానీ కోవి బాగు చేయించుకొని వస్తానని వచ్చి పిల్లను తోడుకొని పోతే మీ నాయన ఊరుకుంటాడా? ఈ తూరికి దీన్ని తీసుకొని పోతా. వచ్చే తూరి నిన్ను తోడుకొని పోతా," అన్నాడు. ఆ మాట నాకు చాలా న్యాయంగా తోచింది. కళ్ళు తుడుచుకొని చెనక్కాయలు తిన్నాను. కోవా సంగతి కోస్తా చెప్పగానే తాత పట్టాకు అవతల పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం చదువయ్యేదాకా 'కోవి' అనే పేరు స్థిరపడింది.

ఆ తర్వాత ఆ కోవికి వచ్చినన్ని రోగాలు మనుషులకు కూడా రావు. ఒకసారి గుర్రం, ఒకసారి కట్టె పగులు, ఇంకోసారి గొట్టానికి తుప్పు. రెండు నెలలకొకసారి తాత దాన్ని సాయిబు దుకాణంలో రిపేరుకు అప్పజెప్పి, నిజమైన కోవా డబ్బాతో హాస్టలుకు వచ్చేవాడు. (విజిలప్ప ఆ డబ్బా మూత తీయించి, ఒక ముక్క తిని చూసి గానీ వదిలేవాడు కాదు. భద్రత కోసమట.) మొదటి ముక్కలు బీగం మేడానికి. వెళ్ళేటప్పుడు ప్రతిసారీ అదే మాట. "ఈ తూరికి కోవిని తీసుకొని పోతా, వచ్చే తూరి నిన్ను." అలా అంటూ అంటూనే నా డిగ్రీ అయిపోయింది.

మొన్న తాత పోయాక, కోవిని ఇంట్లో ఉంచుకోకూడదని, పోలీసు స్టేషనులో కాగితాలు రాయించుకొని, నాయనా నేనూ దాన్ని మదనపల్లె సాయిబుకే అప్పజెప్పడానికి వెళ్ళాం. ఆయన బాగా ముసలివాడయ్యాడు. కోవిని ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు నిమిరాడు.

"దీనికి ఏదో ఒక రిపేరు వస్తానే ఉండేది కదా భాయ్," అన్నాను.

"రిపేరా? ఈ బందూకుకా? దీనికి ఎన్నడూ ఏం రోగం లేదమ్మా. మీ తాత తెస్తాండె, నేను నూనె గుడ్డతో తుడిసి ఇస్తాంటి. 'పిల్లను సూడను పోవద్దంటాడు మా కొడుకు సాయిబూ, ఏమో ఒక సాకు ఉండల్ల గదా' అనేవాడు."

నాయన తల వంచుకొని, "నాకు తెలుసులే. ప్రతిసారీ ఒట్టి నూనె కంపుతో తిరిగొచ్చే కోవిని చూస్తే తెలీదా," అన్నాడు.

తిరుగు బస్సు పుంగనూరులో ఆగినప్పుడు, టిఫిను బాక్సు కడుక్కొని గేటు దగ్గర నిలబడిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. తాత చెప్పిన వచ్చే తూరి ఇదే కాబోలు. కోవి మదనపల్లెలో ఉండిపోయింది, నేను ఇంటికి వెళ్తున్నాను.