పిన్ని ఇంటి మీదుగా రెండు వందల కిలోమీటర్లు

డిసెంబరు సైకిలు రైడ్‌లో నేను పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కాలి. తొక్కితే పతకం, లేకపోతే చప్పట్లు. రాజమండ్రిలో నాకు చప్పట్లే కొట్టారు. ఇంటికొచ్చి ఎదురుగాలి అన్నాను, మోకాలు అన్నాను, కొత్త టైరు అన్నాను. అసలు కారణం నిడదవోలులో మా పిన్ని పెట్టిన దిబ్బరొట్టె అని మాత్రం చెప్పలేదు.

"అయిదు నిమిషాలే నాన్నా, మూకుడు పొయ్యి మీదే ఉంది" అంది పిన్ని ఆ రోజు. దిబ్బరొట్టె సంగతి తెలిసినవాడెవడూ ఆ మాట నమ్మడు. మందంగా పోసిన పిండి సన్నని సెగ మీద, అడుగు ఎర్రబడేదాకా నింపాదిగా కాలాలి. నేను నమ్మాను. రొట్టె, దాని మీద చెరుకు పానకం, ఆపైన ఇంకో రొట్టె. లేచేసరికి ముప్పావుగంట అయింది.

సీజన్‌లో ఆఖరి రైడ్ ఫిబ్రవరిలో. అప్పటిదాకా ఉన్న దమ్ము తగ్గిపోకుండా ఉండాలంటే వారం వారం దూరం తొక్కాలని మా సైకిలు బృందంలోవాళ్ళు చెప్పారు. నేను శ్రద్ధగా పాటించాను. ప్రతి ఆదివారం పొగమంచులో బయల్దేరి, గోదావరి దాటి, నిడదవోలు దాకా తొక్కేవాణ్ణి. నిడదవోలే ఎందుకంటే రోడ్డు చదునుగా ఉంటుందనేవాణ్ణి. మా జిల్లాల్లో చదునుగా లేని రోడ్డు ఎక్కడుందో నన్నెవరూ అడగలేదు. ధనుర్మాసమంతా దారి పొడుగునా గుళ్ళలో చక్కెరపొంగలి, పులిహోర. ప్రసాదం కాదనకూడదు కదా. జనవరి చివరికి ఫోను నన్ను నాలుగు వందల కిలోమీటర్లు తొక్కావని మెచ్చుకుంది. కాటా మూడు కిలోలు పెరిగావంది.

"సైకిలు తొక్కి లావెక్కిన మనిషిని మిమ్మల్నే చూశానండీ" అంది మా ఆవిడ.

నవ్వులాటకేం గానీ, నాకు ఆ పతకం కావాలి. చాలా కావాలి. యాభై రెండేళ్ళొచ్చాయి, బట్టల కొట్లో కూర్చుని చీరలు మడతపెట్టడం తప్ప దేంట్లోనూ గెలిచింది లేదు. బడిలో ఆటల పోటీలప్పుడు కూడా నాది కుర్చీలు వేసే పని. అందుకే ముందురోజు పిన్నికి ఫోన్ చేసి, "ఈసారి ఆగను పిన్నీ, ఏమీ అనుకోకు" అని గట్టిగా చెప్పాను.

"అలాగేలే నాన్నా, నీ పందెం నీది" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తిరుగు ప్రయాణంలో, ఇంకా ముప్పై కిలోమీటర్లు ఉందనగా, పొద్దువాలే వేళకి నిడదవోలు చేరాను. ఎక్కడా ఆగకుండా తొక్కితే పది నిమిషాలు మిగులుతుందని లెక్కేసుకున్నాను. పిన్ని రోడ్డు పక్కన స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. నా కళ్ళకి ఆవిడ అచ్చంగా ముప్పావుగంటలా కనిపించింది. "వస్తా పిన్నీ!" అని చెయ్యి ఊపి, తల వంచుకుని తొక్కాను.

"ఒరేయ్, ఆగక్కర్లేదురా! ముక్కలు కోసే తెచ్చాను, అందుకో!" అంటూ డబ్బా చాచి నాలుగడుగులు పరిగెత్తింది. డెబ్బై దాటిన మనిషి. నాకు వినబడింది. అయినా తొక్కాను.

ఆరు నిమిషాల ముందే చేరాను. మెడలో పతకం వేశారు, ఫొటోలు తీశారు. అన్ని ఫొటోల్లోనూ పొట్ట బిగబట్టుకునే ఉన్నాను.

మర్నాడు కొట్టు తెరవకుండా పతకం పట్టుకుని నిడదవోలు వెళ్ళాను, బస్సులో. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "బాగుంది నాన్నా" అంది. రొట్టె వేసింది, పానకం పోసింది. నిన్నటి సంగతి ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే ప్రాణం హాయిగా ఉండేది. పళ్ళెంలోది గబగబా తినేశాను. మా వైపు పళ్ళానికి చేతులు అడ్డం పెట్టి చాలు చాలంటే, ఇంకో రెండు వెయ్యమని అర్థం. వేళ్ళ సందుల్లోంచైనా సరే వడ్డించి తీరతారు. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి, "చాలు పిన్నీ, చాలు" అన్నాను.

"సరే" అని గిన్నె మీద మూత పెట్టి లోపలికి తీసుకెళ్ళింది.