మూడు రోజులు నానాలి

తొమ్మిదేళ్లుగా ఒక పేరు నా నోట్లోనే ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. ఇవాళ మీకు చెప్పేద్దామని కూర్చున్నాను. అయితే ఒక్క సంగతి. నేను కోతలు కోసే మనిషిని. సూటిగా రావడం నాకు చేతకాదు. కాస్త ఓపిక పట్టాలి.

సౌదీలో, నజ్రాన్‌లో ఈ తోటకు వచ్చి ఇరవై రెండేళ్లు. ఖర్జూరం, నారింజ, పశువులకు గడ్డి. నీళ్ల మోటార్లు నా చేతికింద నడుస్తాయి. వచ్చిన కొత్తలోనే అందరికీ చెప్పేశాను: మాది పెద్దాపురం పక్క, నలభై ఎకరాల కర్రపెండలం, రైతుల సహకార సంఘానికి నేనే ప్రెసిడెంటుని, నేను తలూపందే సగ్గుబియ్యం మిల్లు గేటు తెరుచుకోదు. నలభై కాదు, నాలుగు. నాలుగూ కాదు. సరే, సెంటు భూమి కూడా లేదు. మిల్లు దగ్గర లారీల్లోంచి దుంపలు దింపే కూలీని. గేటు మాట మాత్రం నిజం. వాచ్‌మన్ రానిరోజు నేనే తెరిచేవాణ్ణి.

నవ్వొచ్చింది కదూ. నవ్వించడం నాకు బాగా వచ్చు. అదే కొంప ముంచింది. నాది కాదు, ఇంకొకడిది.

అతను ఉగాండా నుంచి పాదులు తవ్వే పనికి వచ్చాడు. నన్ను మ్జే అనేవాడు; వాళ్లవైపు పెద్దాయనని అలా పిలుస్తారట. మా ఇద్దరి మధ్య భాష సగం ఇంగ్లీషు, మిగతా సగం చేతులు. వాళ్ల ఊళ్లో కర్రపెండలమే అన్నం. ఎండబెట్టి, దంచి, ఆ పిండిని మరిగే నీళ్లలో కెలికి ముద్ద చేసుకుంటారు. ముప్పై కుటుంబాలదాకా కలిసి ఒక సంఘం. కలిసి నాటుతారు, కలిసి తవ్వుతారు, ఒకే బండమీద ఎండబోస్తారు. దుంప తురిమే మర ఒకటి తెచ్చుకుంటే ఆడవాళ్ల రెక్కలకు కాస్త తెరిపి దొరుకుతుందని సంఘమే అతన్ని ఇక్కడికి పంపింది. తిరిగొచ్చేదాకా అతని చేను మిగతావాళ్లు చేస్తామన్నారు. అంటే అతని ఉద్యోగం అతనొక్కడిది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

వాళ్ల సంఘంలో ఒక కట్టుబాటు ఉందని చెప్పేవాడు. నాటే కట్టెలు అమ్మరు. తీసుకున్నవాడు మరుపంటకు ఇంకో ఇద్దరికి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు తనకు ఎవరిచ్చారో ఆ పేరు పైకి చెప్పాలి. పేరు చెప్పకుండా ఇచ్చిన కట్టెను ఎవరూ నాటరట.

సెలవు నుంచి తిరిగొచ్చిన వాళ్లూరివాడు ఎవరో బ్యాగులో తడిగుడ్డ చుట్టి కొన్ని కట్టెలు తెచ్చిచ్చాడు. కఫీల్‌ని అడిగి, అంటే మా యజమానిని అడిగి, కాలవగట్టు మీద నాటుకున్నాడు. రెండు రకాలు. తీపిది ఉడకబెట్టుకు తినేది. చేదుది పిండికి. చేదుదాన్ని ఎలుక కూడా ముట్టదని, కరువులో మనిషిని నిలబెట్టేది అదేనని మురిసిపోతూ చెప్పేవాడు.

ఏడాది తిరిగాక చేదు దుంపలు తవ్వి, చెక్కు తీసి, మోటారు గది పక్క డ్రమ్ములో నానేశాడు. మర్నాడు పొద్దున్నే అతన్ని రెండు రోజుల పనికి ఇంకో తోటకు పంపారు. బండెక్కే ముందు నా దగ్గరికొచ్చి మూడు వేళ్లు చూపించాడు. మూడు రోజులు నీళ్లలో. తర్వాత ఎండ. అప్పటిదాకా ఎవర్నీ ముట్టనివ్వకు మ్జే, ఇది విషం. నేను తలూపాను. నాకా చెప్పేది, అన్నట్టు.

అది శుక్రవారం. సెలవురోజు అందరం కలిసి వండుకుంటాం. మా డ్రైవర్ రాజన్నది జగిత్యాల దిక్కు. వాడికి నా కోతలంటే సరదా.

"గన్ని ఎకరాల ఆసామివి. గిన్ని ఏండ్లల్ల ఒక్కపారన్న గా దుంప వండిపెట్టినవా కాకా? ఉత్త ముచ్చట్లేనాయె."

"ఒరే రాజన్నా, నా బొడ్డు కోసింది కర్రపెండలం తోటలోనేరా. ఆకు పరుచుకుని కూర్చో, పెడతాను."

తీపి దుంపలు అప్పటికే అయిపోయాయి. డ్రమ్ములోవి తీశాను. ఒక్క రాత్రి నానినవి. ఉడకబెట్టి, ముక్క నోట్లో వేసుకున్నాను. చేదు. నాలిక మీద నిలిచిపోయే చేదు. ఉమ్మేశాను.

అక్కడ ఆగొచ్చు కదా? మా మిల్లు వెనక గుంటలో దుంపలు కడిగిన నీళ్లు తాగి గేదె ఒకటి కాళ్లు తన్నుకుని చచ్చిపోవడం నా కళ్లతో చూశాను. ఆ రసంలో ఏముందో తెలియనివాణ్ణి కాదు. కానీ వెనక నలుగురు పళ్లేలు పట్టుకుని నవ్వుతూ కూర్చున్నారు. ఉల్లిపాయ వేశాను. ఎండుమిరప, చింతపండు దండిగా వేశాను. చేదు అణిగింది. నేను కడుపులో బాగాలేదని చెప్పి తినలేదు. ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మిగతావాళ్లు రుచి చూసి పక్కన పెట్టారు. నన్ను ఏడిపించినందుకేమో, రాజన్న మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. గంట తిరగకముందే వాంతులు, చెమటలు, ఊపిరి అందదు. వాణ్ణి బండిలో వేసుకుని నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. నాలుగు రోజులకు లేచాడు. తర్వాత ఇంటికెళ్లిపోయాడు గానీ, ఇప్పటికీ బతుకమ్మకూ ఉగాదికీ ఫోన్ చేస్తాడు. "నువ్వు లేకుంటె సచ్చేటోణ్ని కాకా," అంటాడు. ఆ మాట వినడానికి నాకు ఎక్కడి శక్తి వస్తుందో తెలియదు. వింటాను.

ఆదివారం ఆ ఉగాండా అతను తిరిగొచ్చాడు. కఫీల్ ముంగిట్లో నిలబెట్టాడు. పార, నీళ్లు, రా, పో, ఇంతకుమించి అతనికి అరబ్బీ రాదు. అందుకని మధ్యలో నేను.

"ఇది విషమని వీళ్లకి చెప్పాడా లేదా? అడుగు," అన్నాడు కఫీల్.

నేను ఇంగ్లీషులో అడిగాను.

"నీకు చెప్పాను కదా మ్జే. మూడు రోజులని. నువ్వే చెప్పు ఆయనకి."

నా ముఖంలోకి చూస్తూ అన్నాడు. నమ్మకంగా చూశాడు. నేను కఫీల్ వైపు తిరిగి అరబ్బీలో చెప్పాను:

"చెప్పడం మరిచిపోయానంటున్నాడు."

అంతే. మూడు ముక్కలు. నోటికి ఎంత తేలికగా వచ్చాయో. ఇన్నేళ్లు సరదాకి ఆడిన అబద్ధాలన్నీ ఆ ఒక్కదానికి నాలుక సాపుచేయడానికేనా అనిపిస్తుంది.

పోలీసుల దాకా వద్దన్నాడు కఫీల్. ఖురూజ్, అంటే మళ్లీ రాకుండా వెళ్లిపోయే ముద్ర, వేసి ఇంటికి పంపేయమన్నాడు. మొక్కలన్నీ పీకి తగలబెట్టమన్నాడు. అగ్గిపుల్ల గీసింది నేనే.

వెళ్లేరోజు అతను చంకలో ఒక కట్ట పట్టుకుని వచ్చాడు. మంటకు ముందే దాచుకున్నవి. నా చేతుల్లో పెట్టి రెండు చేతులతో నా చేతులు మూశాడు.

"నా తరఫున మాట్లాడావు మ్జే. థాంక్యూ. ఇది చేదుది. ఎలా వండాలో నీకు తెలుసు."

నిజంగానే నమ్మాడా? లేక ఆ అరబ్బీ ముక్కలు అర్థమయ్యే, అలా అన్నాడా? ఏడాది పైగా ఇక్కడున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? నమ్మాడనుకుంటే నిద్ర పట్టదు. నమ్మలేదనుకుంటే అన్నం దిగదు. మర లేకుండా, ముందే తిరిగొచ్చినవాణ్ణి చూసి ఆ ముప్పై కుటుంబాలు ఏమనుకున్నాయో. చేను చేసిపెట్టినవాళ్లు ఏమడిగారో. అతనేం చెప్పాడో.

కట్టెలు పారేయలేకపోయాను. మోటారు గది వెనక నాటాను. తొమ్మిదేళ్లుగా తవ్వుతాను, దుంపలు అక్కడే పాతేస్తాను, కట్టెలు మళ్లీ నాటుతాను. మధ్యాహ్నం గాలికి ఆ ఆకులు కదిలితే గట్టు మీద అతను వంగి ఉన్నట్టే ఉంటుంది. ఏం మొక్కలు కాకా, రెండు కట్టెలివ్వు అని అడిగినవాళ్లున్నారు. పూలమొక్కలన్నాను. ఇస్తే పేరు చెప్పాలి.

వచ్చేనెల నాకూ ఖురూజ్. మోకాళ్లు పనికిరావంటున్నాయి. వెళ్లేలోగా ఈ కట్టెలు ఇద్దరికి ఇవ్వాలి. జగిత్యాలలో రాజన్న ఉన్నాడు, వాడికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. అందుకని ముందు మీకు. క్షమించమని అడగడం లేదు. క్షమించడం మీ చేతిలో లేదు, అది ఎక్కడో ఒక బండమీద దుంపలు ఎండబోస్తున్న మనిషి చేతిలో ఉంది. కట్టె మాత్రం పట్టుకోండి. చేదు రకం. చెక్కు తీయాలి, మూడు రోజులు నానాలి, బాగా ఎండాలి, అప్పుడు దంచాలి. ఇదంతా ముందే చెప్పాడు. నాకే చెప్పాడు.

నాకు ఇచ్చినవాడి పేరు ఒకెల్లో.