కింది వరస ముక్కలు

మా ఓనర్ ఆంటీ ఏ సాయం అడగాలన్నా ముందు మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి, "చదువుకుంటున్నావా నాయనా, పోనీలే" అనేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే టీచరుగా రిటైరైన మనిషి. తార్నాకలో వాళ్ళ మేడమీది గదిలో ఉంటూ నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేవాణ్ణి.

ఆ రోజూ "పోనీలే" అన్నాకే సంగతి చెప్పారు. కంప్యూటర్లో పేకాట తెరిస్తే కింది వరస ముక్కలు కనపడకుండా తెర బయటికి పోతున్నాయట. "చర్చిలో ఎవరికీ చెప్పకేం" అని కూడా అన్నారు.

క్యాంపస్‌లో ఎవరి గేమ్ సరిగ్గా తెరుచుకోకపోయినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆ గర్వంతోనే కూర్చున్నా.

"అక్షరాలు గింత పెద్దగ పెట్టుకున్నరేంది ఆంటీ, అందుకే ఆట పడ్తలేదు" అని సైజు తగ్గించేశా. ఎందుకు పెట్టుకున్నారని మాత్రం అడగలేదు. ముక్కలన్నీ తెరలోకి వచ్చాయి. ఆవిడ నా చేతిలో రవ్వలడ్డు పెట్టారు.

కొన్నాళ్ళకి నీళ్ళ మోటారు వెయ్యడానికి కిందికి వెళ్తే, ఆవిడ ముక్కు తెరకి ఆనేంతగా వంగి, తను టైపు చేసుకున్న సండే స్కూలు పాఠాన్ని భూతద్దంతో కూడబలుక్కుంటున్నారు.

"అప్పుడే చెప్పొచ్చు కద ఆంటీ" అన్నా.

ఆవిడ తప్పు చేసి దొరికినట్టు భూతద్దాన్ని కొంగు చాటున పెట్టి, "ఆట మటుకు బాగా కనపడుతోంది నాయనా" అన్నారు.