తడి కర్ర

పందొమ్మిది వందల ఎనభైల్లో, నాకు నలభై దాటాక, పొట్ట తగ్గుతుందని రేపల్లెలో కర్రసాముకు చేరడం నా బుద్ధితక్కువ. పొట్ట తగ్గలేదు గానీ ఆకలి తగ్గింది. కారణం మా గురువుగారు. డెబ్బై ఏళ్ళ వయసులోనూ ఆయన కర్ర తిప్పితే గాలి ఈల వేసేది. కానీ పట్టు జారకుండా ముందు రెండు అరచేతుల్లోనూ తుపుక్కున ఉమ్మేవారు. తిప్పడం అయ్యాక ఆ తడి కర్రే మాకిచ్చేవారు. దాన్ని కళ్ళకద్దుకుని అందుకోవడం అక్కడి ఆచారం.

“అద్దుకోండి మాస్టారూ, సిగ్గేంటి?” అనేవారు, బడిపంతులునైన నాతో.

నాకున్నది సిగ్గు కాదు, రోత.

దసరా ఆయుధపూజనాడు మాత్రం శిష్యుడు కర్ర అందిస్తే గురువు కళ్ళకద్దుకుంటారు. నా వంతు రాగానే పక్కకు తిరిగి, అరచేతుల్లో ధారాళంగా ఉమ్మి, కర్రంతా పులిమి, వినయంగా అందించాను. ఆయన భక్తిగా కళ్ళకద్దుకుని ఉలిక్కిపడ్డారు.

“ఛీ! ఈ పాడలవాటు ఎక్కడ నేర్చుకున్నారండీ?”

“మీ దగ్గరేనండి,” అన్నాను.