అక్క గదికి వేరే లైను

మా పిన్ని ఇంట్లో అడుగుపెట్టిందంటే ముందు మనుషుల్ని కాదు, గోడల్ని పలకరిస్తుంది. స్విచ్ బోర్డుల మీద చెయ్యి ఆనించి వేడెక్కాయేమో చూస్తుంది. ఆ తర్వాతే "ఏమే, బాగున్నావా?" అంటుంది. అమ్మకు స్వయానా చెల్లెలు, వృత్తి ఎలక్ట్రీషియన్. బాబాయి నడుం దెబ్బతిని నిచ్చెన ఎక్కలేకపోయినప్పుడు ఆయన పనిసంచీ తన భుజాన వేసుకుంది. "ఆడమనిషికి కరెంటుతో పనేంటి?" అని మూతి విరిచినవాళ్ళకు "కరెంటుకి ఆడా మగా తేడా లేదండీ, ఎవరినైనా ఒకేలా కొడుతుంది" అని జవాబిచ్చి, వాళ్ళ ఇళ్ళలోనే ఫ్యాన్లు బిగించి వచ్చింది.

పోయిన ఏడాది మేము ఇల్లు బాగుచేయించాలనుకున్నాం. అమ్మకు ఊపిరితిత్తులు పాడై, పగలూ రాత్రీ ఆక్సిజన్ యంత్రం మీదే ఉంటోంది. వంటింటి వెనకున్న ఆమె గదికి పెద్ద కిటికీ పెట్టించి, పనిలో పనిగా వంటిల్లు కూడా మార్చాలని నా ఆశ. టైల్స్, రంగులు అన్నీ ఎంచి పెట్టుకున్నాను. పిన్ని వాటివైపు కన్నెత్తి చూస్తే ఒట్టు! తిన్నగా వరండాలోని పాత ఫ్యూజు బోర్డు దగ్గరికి వెళ్ళింది.

"ముందు ఇది మారాలి. మిగతావన్నీ తర్వాతే."

నాకు ఒళ్ళు మండింది. "వెలుగుతున్నాయిగా పిన్నీ లైట్లు! ఎవరికీ కనపడని పెట్టె కోసం నా వంటిల్లు ఆపాలా?"

"ఇప్పుడు రంగులేసి, రేపు వైర్ల కోసం అవే గోడలు పగలగొట్టుకుంటావా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల! పైన పటారం, లోన లొటారం!"

నాన్న నా పక్షం చేరాడు. ఆ బోర్డంటే ఆయనకు మహా గర్వం. "వీధిలో అందరి ఫ్యూజులూ పోతాయి గానీ, మన ఇంట్లో పోయిన పాపాన పోలేదమ్మా" అన్నాడు.

"నా భయం కూడా అదే బావా" అంది పిన్ని.

ఆమెకో పద్ధతుంది. ఏ ఇంటికి వెళ్ళినా ఇంటిల్లిపాదినీ తలో గదిలో నిలబెడుతుంది. తను బోర్డు దగ్గర ఒక్కో ఫ్యూజూ లాగుతూ "ఉందా?" అని కేకేస్తుంది. గదిలో లైటు వెలుగుతుంటే "ఉంది" అనీ, ఆరితే "పోయింది" అనీ అరవాలి. ఇల్లంతా కూరగాయల సంతలా తయారవుతుంది. ఆ రోజు ముందుగా అమ్మకు చిన్న సిలిండరు పెట్టించి, యంత్రం ఆపించింది. అరిచే ఓపిక లేదు కాబట్టి, లైటు ఆరితే చప్పట్లు కొట్టమంది. ఎడమచెయ్యి నడుం వెనక పెట్టుకుని కుడిచేత్తోనే పని మొదలెట్టింది. రెండు చేతులూ పెడితే దెబ్బ గుండెలోంచి పోతుందని ఆ జాగ్రత్త.

వంటింటి ఫ్యూజు లాగింది. "పోయింది!" అని అరిచాను. నా వెనక, అమ్మ గదిలోంచి, నీరసంగా చప్పట్లు వినిపించాయి.

పిన్ని మొహం మాడిపోయింది. గ్రైండరు, ఫ్రిజ్, గీజరు, అమ్మ యంత్రం, అన్నీ ఒకే లైను మీదున్నాయి! ఆ ఫ్యూజులో, లోడు ఎక్కువైతే తెగి కరెంటు ఆపే సన్నతీగ ఉండాల్సిన చోట లావుపాటి రాగితీగ మెలేసి ఉంది. మాటిమాటికీ పోతోందని విసిగి, ఎప్పుడో నాన్నే వేశాడట. ఫ్యూజు వెనక చెక్క బొగ్గులా నల్లబడింది.

"కాపలావాడి నోట్లో గుడ్డలు కుక్కి, ఇంట్లో అరుపులే లేవని మురిసిపోయావు బావా!"

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "మీ అక్క ఊపిరి ఇన్నాళ్ళూ దీని మీదా నడిచింది?" అన్నాడు.

పిన్ని గొంతు మెత్తబడింది. "ఏం కాలేదుగా బావా. కాకముందే మార్చేద్దాం. లే, టార్చి పట్టుకో." పని అయ్యేదాకా ఆయన చేత టార్చి పట్టిస్తూనే ఉంది. ఖాళీగా కూర్చోబెడితే మనిషి కుమిలిపోతాడని ఆమెకు తెలుసు. పిన్ని పనితనం ఎప్పుడూ చూసేదే, ఆ రోజు మాత్రం ఆమె మనసు చూసి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

కొత్త బోర్డులో ఒక్కో లైనుకీ ఒక్కో స్విచ్. ఎక్కడ తేడా వచ్చినా ఆ ఒక్కటే దానంతటదే పడిపోతుంది. వాటి మీద గదుల పేర్లు రాయలేదు పిన్ని, మనుషుల్ని రాసింది. నాన్నకు "బావ టీవీ", నాకు "అమ్మడి వంట". అమ్మ గదికి మాత్రం మీటరు దగ్గర్నుంచే విడిగా లైను లాగి, "అక్క" అని రాసింది. వంటింటి గోడలో కొత్త వైర్లు ఎటు వెళ్తున్నాయో సుద్దతో గీతలు గీసి, అక్కడ మేకు కూడా కొట్టొద్దని మరీమరీ చెప్పింది.

చెబితే వినేవాడైతే అతను మా వడ్రంగి ఎందుకవుతాడు! అల్మారా బిగించడానికి సరిగ్గా ఆ గీత మీదే డ్రిల్లు పెట్టాడు. టప్‌మంది. వంటింట్లో లైటు ఆరింది, ఫ్యాను ఆగింది. అమ్మ సిలిండరు ఆ పొద్దునే నింపడానికి పంపించాం. నాన్న "అయ్యో, అయ్యో" అంటూ తువ్వాలు జారిపోతున్నా పట్టించుకోకుండా అమ్మ గదివైపు పరిగెత్తాడు.

వరండాలోంచి పిన్ని కేక వినిపించింది. "అక్కా! ఉందా?"

చప్పట్లు లేవు. లైటు ఆరలేదనా, కొట్టే ఓపిక కూడా లేకనా?

"ఉందే!"

అమ్మ గొంతు. ఎన్నాళ్ళుగానో గుసగుసగా తప్ప మాట్లాడని అమ్మ, దాచుకున్న ఊపిరంతా పెట్టి చెల్లెలికి వినపడేలా అరిచింది. ఆమె మంచం పక్కన యంత్రం గుర్రుగుర్రుమంటూనే ఉంది.

నేను వరండాలోకి వెళ్ళేసరికి పిన్ని బోర్డు పక్కన గోడకు జారగిలబడి, ఎప్పుడూ నడుం వెనకుండే ఆ ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. వడ్రంగిని తిట్టడం కూడా మరిచిపోయింది.