రెండు బొత్తాల మిషను ముందు మా మేనత్త

మా మేనత్త చేతులు ఆమెకంటే ముందే పుట్టాయి. మిగతా మనిషి తీరిగ్గా తరవాత వచ్చింది. ఆమె కాగితాల దొంతర సర్దే వేగానికి మేం పనిచేసే అచ్చు ప్రెస్సులో ఫ్యాను సిగ్గుపడి ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఆమెది కాగితం కోసే మిషను. రెండు చేతులతో రెండు బొత్తాలూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. చేతులు బొత్తాల మీద ఉంటే కత్తి కింద ఉండవు కదా, అందుకని. పని తెమలడంలేదని యజమాని ఎడమ బొత్తాన్ని నొక్కిపెట్టి టేపు వేసేశాడు. అప్పట్నుంచి ఎడమచెయ్యి సర్దుతుంది, కుడిచెయ్యి నొక్కుతుంది.

ఒకరోజు ఎడమచెయ్యి దొంతర మీద ఉండగానే కుడిచెయ్యి నొక్కేసింది. వేళ్ళు ఎలా బయటపడ్డాయో గాని, చూపుడువేలి గోరు అంచు కాగితాలతోపాటు తెగింది.

"నొక్కాలని నేనింకా అనుకోనేలేదురా," అంది నాతో, మొహం పాలిపోయి. "మరి నొక్కిందెవరు?"

అది ప్రూఫులు దిద్దే పెద్దాయన చెవిన పడింది. మాట మొదలుపెడితే ఆపడు గనక ఆయన్ని అందరూ కామాగారంటారు.

"ఎప్పుడూ అంతేనమ్మా. చెయ్యి ముందు కదులుతుంది, 'నేనే కదిలించాను' అని మనసు తరవాత చెప్పుకుంటుంది. జరిగేదంతా ముందే ఖాయం. మనం ఊరికే చూస్తుంటాం."

"నా వేళ్ళు పోవడం కూడా ఖాయమేనా?"

"అయ్యుండొచ్చు."

"మీ వేళ్ళు కాదుగా, ఎంతైనా చెబుతారు!"

ఆనాటినుంచి అత్త తన కుడిచేతిని దొంగను చూసినట్టు చూడసాగింది. టీ గ్లాసు అందుకుని, అందుకున్నది తానా, చెయ్యా అని ఆలోచిస్తూ కూర్చునేది. టీ చల్లారిపోయేది. మిషను దగ్గర మరీ అన్యాయం. కనిపెట్టి చూస్తున్నకొద్దీ చెయ్యి బొత్తాం దారి తప్పేది.

"ఆ చేతిని కట్టేసుకో అత్తా," అన్నానొకరోజు.

"కట్టేదెవర్రా, ఎడమచెయ్యేగా? దాన్ని మాత్రం నమ్మమంటావా?"

మర్నాడు పని మధ్యలో టేపు పీకిపారేసింది. యజమాని పరుగున వచ్చాడు.

"ఎవరు తియ్యమన్నారమ్మా? పని సగమైపోతుంది!"

"కానివ్వండి. ఒక చెయ్యి తొందరపడినా రెండోది ఒప్పుకోవాలిగా. కాదంటే మీరొచ్చి నిలబడండి."

ఆయన కత్తి వంక చూసి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మా అత్త తలరాతను మట్టికరిపించిందనీ, కామాగారు వాదానికి ఫుల్‌స్టాపు పెట్టారనీ నేను వీధివీధినా చాటించాను. అది విని అత్త అంది:

"మట్టికరిపించిందీ లేదు, ఏమీ లేదు. టేపు తీశాను. తీసేటప్పుడూ చెయ్యే ముందు వెళ్ళింది. భయం అలాగే ఉంది."