మూలన తొమ్మిది బండలు

నా చిన్నప్పుడు మా మందిరంలో బైబిలు కంఠత వాక్యాల బహుమానం ఏటా నాకే వచ్చేది. అధ్యాయం, వచనం చెబితే చాలు, మాట పొల్లుపోకుండా ఒప్పజెప్పేదాన్ని. బడిలో బీజగణితం మొదలైనప్పుడు దాన్నీ అలాగే పట్టుకున్నాను. సూత్రాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, వాటికి అధ్యాయాల, వచనాల అంకెలు కూడా వేసుకున్నాను. ఒకటో అధ్యాయం, ఒకటో వచనం: ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఈక్వల్ టు ఎ స్క్వేర్ ప్లస్ టు ఎబి ప్లస్ బి స్క్వేర్. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఎ, బి లేని చోట మాత్రం నాకు ఆ వచనం గుర్తొచ్చేది కాదు.

పదో తరగతి చివర గురుకుల జూనియర్ కాలేజీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు వచ్చాయి. మా ఊళ్ళో పదితో చదువు అయిపోయేది. ఆ సీటు వస్తే హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు. రాకపోతే అమ్మ వెంట టమోటా కోతకు పోవడమే. లెక్కల సారు దరఖాస్తు ఇచ్చేముందు తనే ఒక చిన్న పరీక్ష పెట్టారు. ఎక్స్ ప్లస్ త్రీ హోల్ స్క్వేర్‌ను విస్తరించమంటే నేను ఎక్స్ స్క్వేర్ ప్లస్ నైన్ అని రాశాను. "వచ్చే గురువారం మళ్ళీ అడుగుతా. అప్పుడూ ఇదే రాస్తే నీ దరఖాస్తు మీద సంతకం పెట్టను" అన్నారు సారు. కోపంగా కూడా అనలేదు.

మా తాత బండలు పరిచే మేస్త్రీ, సంఘ పెద్ద కూడా. బైబిలు చదువుకోవడానికే అక్షరాలు నేర్చుకున్నాడు తప్ప బడికి పోయినవాడు కాదు. ఆ వారమే మందిరాన్ని పెద్దది చేసే పని మొదలైంది. ముందున్న వేదిక గోడను కదిలించకూడదు, ఒక పక్క రోడ్డు. అందుకని వెనక గోడనూ, ఆడవాళ్ళు కూర్చునే వైపు గోడనూ తీసేశారు. పాత నేల అటు పది, ఇటు పది కడప బండలు. దాన్ని ఆ రెండు వైపులా మూడేసి బండల మేర పెంచాలి.

శుక్రవారం సాయంత్రం తాత నా పరీక్ష సంగతి విన్నాడు. "సరే పాపా, మందిరానికి కొత్తగా ఎన్ని బండలు కావల్లనో చెప్పు" అని అడిగాడు.

"పాతవి పది పదులు నూరుండాయి కదా. మూడు మూళ్ళు తొమ్మిది. ఇంకో తొమ్మిది చాలు తాతా" అన్నాను.

"చాలునా?"

"చాలు."

ఆయన తల ఊపాడు. శనివారం నన్ను వెంటబెట్టుకుని పోయి, దారం కట్టి, రసమట్టం పెట్టి చూసుకుంటూ కొత్త నేల కొస మూలలో తొమ్మిది బండలు పరిచాడు. మధ్యాహ్నానికి చేతులు కడుక్కున్నాడు. ఆ తొమ్మిదీ పాత నేలను ఒక్క మొన దగ్గర మాత్రమే తాకుతున్నాయి. దానికి అటూ ఇటూ మట్టే. నాకు అప్పుడే అర్థమైంది. అయినా తప్పు ఒప్పుకోకుండా, దారం చుట్టి తాత చేతికిచ్చాను.

ఆదివారం మా తాత పలుగూ పారా ముట్టేవాడు కాదు. కాబట్టి ఆరాధనకు వచ్చినవాళ్ళంతా నా లెక్కను ఉన్నదున్నట్టు చూశారు. మా పక్కింటి అక్క ఆడవాళ్ళ వైపు మట్టిలో నిలబడి, "ఏం పెద్దాయనా, ఆ మూలకు ఎగిరి దూకల్లనా మేము?" అని గట్టిగానే అడిగింది. ఇంకొకామె, "ఆ తొమ్మిదీ నేరుగా పరలోకానికి పోయేటోళ్ళకేమోలే. మనకు మట్టే రాసిపెట్టి ఉండాది" అంది. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి, "లెక్క ఇంకా తెగలేదమ్మా, రేపు సూడండి" అన్నాడు. అబద్ధమాడలేదు, నా పేరూ ఎత్తలేదు. మా అమ్మ కొంగు మట్టి మీద పరిచి, దాని మీద నన్ను కూర్చోబెట్టుకుంది. ఆ రోజు పాస్టరయ్య ఏ వాక్యం మీద ప్రసంగించారో నాకు ఇప్పటికీ గుర్తులేదు.

సోమవారం బడికి పోకముందే తాత నన్ను ఆ మూలలో నిలబెట్టాడు. "నిన్న మీ యమ్మ యాడ కూచునింది?" అన్నాడు. చూపించాను. అక్కడ ఎన్ని బండలు పడతాయో లెక్కపెట్టమన్నాడు. పొడుగు పది, వెడల్పు మూడు, ముప్పై. "సండే స్కూలు పిల్లోళ్ళు?" వెనక వైపు. అక్కడా ముప్పై.

"నూటికీ తొమ్మిదికీ నడుమ అరవై బండలు మింగేస్తివే పాపా," అన్నాడు తాత, "మీ యమ్మతో సహా."

నేను ఆ నాలుగు ముక్కల మీదా నడిచాను. పాత నేల ఎ స్క్వేర్. మూల బి స్క్వేర్. అమ్మ కూర్చున్న పట్టీ ఒక ఎబి, పిల్లలు కూర్చున్నది ఇంకో ఎబి. నోటితో వెయ్యిసార్లు చెప్పిన టు ఎబి నా కాళ్ళ కింద మట్టిగా ఉంది. "పది కాకుండా ఇంకెన్నో బండలుంటే, అప్పుడో?" అని అడిగాను. "ఎన్నైతేనేం? మూల ఉంటే దాని రెండు పక్కలా పట్టీలుంటాయి" అన్నాడు తాత. ఎక్స్ అంటే ఏమిటో నాకు ఆ మాటతో తెలిసింది. ఎన్నైతేనేం, అదే ఎక్స్.

గురువారం సారు అడిగింది టు పి ప్లస్ ఫైవ్ హోల్ స్క్వేర్. కాగితం అంచున చదరం గీసి, నాలుగు గదులు చేసి, గదికొకటి నింపాను. ఫోర్ పి స్క్వేర్, టెన్ పి, ఇంకో టెన్ పి, ట్వెంటీ ఫైవ్. నడిమి రెండూ కలిపితే ట్వెంటీ పి. సారు ఆ బొమ్మను చూసి, దరఖాస్తు తీసి సంతకం పెట్టారు. సీటు వచ్చింది. తర్వాత చదువులో ఏ కొత్త సూత్రం ఎదురైనా, కంఠస్థం చేసేముందు దాని మీద నడిచి చూశాను.

లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆరాధన అయ్యాక, ప్రవేశ పరీక్షలకు చదివే మా సంఘం పిల్లలు ఇప్పుడు తాత ఆ వారమే పరిచి ముగించిన ఆ అరవై బండల మీదే పుస్తకాలతో కూర్చుంటారు. ఏటా ఎవరో ఒకరు ఎక్స్ స్క్వేర్ ప్లస్ నైన్ అని రాస్తారు. నేను తిట్టను. "మీ యమ్మ యాడ కూచుంటుంది?" అని అడిగి, లేచి చూపించమంటాను.

వాక్యాన్ని నోట ఉంచుకోవడం తప్పని నేను ఎన్నడూ అనను. నన్ను కష్టకాలంలో నిలబెట్టింది అదే. అయితే దేవుడు దాన్ని నడవడానికి కూడా ఇచ్చాడు. ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి, ఆమెన్ అనబోయేముందు ఒక్క క్షణం ఆగుతాను. ఎవరినైనా మట్టిలో కూర్చోబెట్టానేమో అని చూసుకుంటాను.